అమెరికా మోటారు పడవకు యూరప్ కరెంటు: అసలు చిక్కు వోల్టేజీలో లేదు

ఫ్లోరిడాలోనో మేరీల్యాండ్‌లోనో కొన్న మోటారు పడవను ఓడ మీదకు ఎక్కించి మధ్యధరా తీరానికి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. ఇంజిన్లకు ఏ దేశపు నీళ్లైనా ఒకటే. జీపీఎస్‌కూ, లోతు కొలిచే యంత్రానికీ, రాత్రి దీపాలకూ కూడా తేడా తెలియదు. అవన్నీ బ్యాటరీ మీద నడుస్తాయి, ఆ బ్యాటరీని ఇంజిన్ మీది ఆల్టర్నేటర్ నింపుతుంది. ఇబ్బంది మొదలయ్యేది పడవను రేవులో కట్టి, ఒడ్డున నిలబెట్టిన సాకెట్ల పెట్టె నుంచి కరెంటు తీసుకోబోయినప్పుడు.

అమెరికా ప్లగ్గును కోసేసి యూరప్‌లో వాడే నీలిరంగు ప్లగ్గు బిగించడం అరగంట పని. అంతటితో ఊరుకుని స్విచ్చి వేస్తే మైక్రోవేవ్, టీవీ, చార్జరు క్షణంలో కాలిపోవచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్లు ఒక ట్రాన్స్‌ఫార్మర్ కొని, 230 వోల్టులను 120కి తగ్గించి, పని అయిపోయిందనుకుంటారు. నా దృష్టిలో ఎక్కువ ప్రమాదంలో ఉన్నది ఈ రెండో వర్గమే. మొదటి పొరపాటు పొగ రూపంలో వెంటనే బయటపడుతుంది. రెండోది మోటార్లను రోజూ కొంచెం కొంచెం వేడెక్కిస్తూ, ఎర్తింగ్ రక్షణను చాటుగా దెబ్బతీస్తూ నెలల తరబడి సాగుతుంది.

రెండు ఖండాలు, రెండు రకాల సరఫరా

అమెరికాలో సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జ్. యూరప్‌లో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. హెర్ట్జ్ అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో ఆ లెక్క, దాన్నే ఫ్రీక్వెన్సీ అంటారు. మన దేశంలో ఉన్నది కూడా యూరప్ పద్ధతే. అమెరికాలో ఉండే బంధువులు తెచ్చిచ్చిన హెయిర్ డ్రయర్‌ను హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్లగ్గులో పెట్టి కాల్చుకున్న ఇళ్లవారికి ఈ తేడా గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఈ చీలిక 19వ శతాబ్దం చివరి నాటిది. అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ 60 హెర్ట్జ్ వైపు వెళ్లింది, జర్మనీలో ఏఈజీ కంపెనీ 50 వైపు వెళ్లింది. జపాన్‌లో టోక్యో వాళ్లు ఏఈజీ జనరేటర్లు, ఒసాకా వాళ్లు అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ జనరేటర్లు కొన్నారు. అందువల్ల నేటికీ ఆ దేశపు తూర్పు భాగంలో 50, పడమటి భాగంలో 60 నడుస్తున్నాయి. ఒకసారి యంత్రాలు బిగించాక ఫ్రీక్వెన్సీ మార్చడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

వోల్టేజీ, హెర్ట్జ్ తర్వాత మూడో తేడా ఒకటుంది. దాన్ని చాలామంది పట్టించుకోరు. అమెరికాలో పెద్ద పడవకు వచ్చే సరఫరాలో రెండు ఫేజు తీగలు, వాటి నడుమ ఒక న్యూట్రల్ ఉంటాయి. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు, రెండు ఫేజుల మధ్య 240. దీపాలు, మామూలు సాకెట్లు 120 మీద నడుస్తాయి. ఏసీ, విద్యుత్ పొయ్యి వంటి బరువైన లోడ్లు 240 మీద నడుస్తాయి. యూరప్ రేవులో సాధారణంగా దొరికేది ఒక ఫేజు, ఒక న్యూట్రల్, ఒక ఎర్త్ మాత్రమే. అమెరికా పడవకు అలవాటైన నడిమి తీగ అక్కడ అసలు లేనే లేదు.

ఇక సామర్థ్యం లెక్క. చిన్న అమెరికా పడవకు 30 ఆంపియర్ల తీగ ఉంటుంది: 30ని 120తో గుణిస్తే 3,600 వాట్లు. యూరప్ రేవుల్లో ఎక్కువగా కనిపించే సాకెట్ 16 ఆంపియర్లది: 16ను 230తో గుణిస్తే 3,680 వాట్లు. అంటే చిన్న పడవకు లోటేమీ లేదు. 50 ఆంపియర్లు, 240 వోల్టుల తీగ ఉన్న పెద్ద పడవ సంగతి వేరు. అమెరికాలో దానికి 12,000 వాట్లు అందుతాయి. యూరప్‌లో 32 ఆంపియర్ల సాకెట్ దొరికినా వచ్చేది 7,360 వాట్లే. పాత చిన్న రేవుల్లో 10 ఆంపియర్లు, 6 ఆంపియర్లు మాత్రమే ఇచ్చేవి కూడా ఉన్నాయి. రెండు ఏసీలు, గీజరు, పొయ్యి కలిపి వేసుకునే అలవాటును ఒడ్డునే వదిలిపెట్టాలి.

ఇందులో ఒక శుభవార్త ఉంది. అమెరికా పడవల్లో వాడే తీగల ఇన్సులేషన్‌కు మామూలుగా 600 వోల్టుల యోగ్యత ఉంటుంది. వోల్టేజీ పెరిగితే అదే వాట్లకు కరెంటు తగ్గుతుంది కాబట్టి రాగి మందం కూడా సరిపోతుంది. గోడల చాటున, నేల పలకల కింద పరిచిన తీగలను పీకేయాల్సిన అవసరం లేదు. అయితే బ్రేకర్ల మీద అచ్చువేసిన వోల్టేజీని ఒక్కొక్కటిగా చూడాలి. 120 అని మాత్రమే ఉన్నదాన్ని 230 మీద ఉంచకూడదు. 230 వచ్చే చోట అమెరికా సాకెట్‌ను ఒక్కటి కూడా మిగల్చకూడదు. రేపు పడవకు వచ్చిన అతిథి తన 120 వోల్టుల పరికరాన్ని అందులోనే పెడతాడు.

నల్ల తీగ

కరెంటు ప్యానెల్ వెనక తలుపు తెరిస్తే మన ఎలక్ట్రీషియన్‌ను మొదట అలవాటే మోసం చేస్తుంది. మన ఇళ్లలో తరతరాలుగా ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. అమెరికా పడవలో నలుపే ఫేజు! తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్, రెండో ఫేజు ఉంటే అది ఎరుపు. యూరప్‌లో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ పసుపు చారలది ఎర్త్.

అంతటితో అయిపోలేదు. అదే పడవలో అదే ప్యానెల్ వెనక 12 వోల్టుల బ్యాటరీ తీగలు కూడా ఉంటాయి. పాత పడవల్లో బ్యాటరీ నెగటివ్ కూడా నలుపే. అంటే పక్కపక్కనే రెండు నల్ల తీగలు: ఒకటి ముట్టుకుంటే ఏమీ కాదు, రెండోది ప్రాణం తీస్తుంది. ఈ గందరగోళం తప్పించడానికే అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ తన ప్రమాణాల్లో బ్యాటరీ నెగటివ్‌కు పసుపు రంగు వాడమని సూచించింది. పాత పడవల్లో అది ఉంటుందని నమ్మకం పెట్టుకోకూడదు. తీగలు మార్చకపోయినా, ప్రతి తీగకూ రెండు కొసల్లో యూరప్ రంగు తొడుగు వేసి, కాగితం మీద పటం గీసి ప్యానెల్ తలుపుకు లోపలివైపు అంటించాలి. ఈ పనికి ఒక పూట పడుతుంది. దీన్ని ఎగ్గొట్టిన పడవను నేనైతే కొనను.

బ్రేకర్లలో కూడా ఇలాంటి మెలిక ఉంది. అమెరికా పడవల్లో ప్రధాన బ్రేకర్ రెండు తీగలనూ తెంపుతుంది, కానీ విడివిడి సర్క్యూట్లకు ఉండే బ్రేకర్లు చాలావరకు ఫేజును మాత్రమే తెంపుతాయి. ఫేజు ఏదో, న్యూట్రల్ ఏదో ఎప్పుడూ మారనంత వరకు అది సరిపోతుంది. యూరప్ ప్రధాన భూభాగంలో చాలాచోట్ల ఇళ్లలో వాడే జర్మన్ తరహా గుండ్రని ప్లగ్గును ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. దాన్నుంచి నీలం ప్లగ్గుకు మార్చే అడాప్టర్ వాడినా, పాత రేవు పెట్టెలో ఎవరో తీగలు తారుమారు చేసినా, పడవలో న్యూట్రల్ అనుకున్నది ఫేజు అవుతుంది. అప్పుడు బ్రేకర్ దించినా పరికరంలో కరెంటు అలాగే ఉంటుంది. ఆరిపోయింది కదా అని చెయ్యి పెట్టినవాడికి షాక్ కొడుతుంది. కాబట్టి 230 వోల్టులు నడిచే ప్రతి సర్క్యూట్‌కూ రెండు తీగలనూ ఒకేసారి తెంపే బ్రేకర్ పెట్టడం తప్పనిసరి అనుకోవాలి. చిన్న నౌకల విద్యుత్ ఏర్పాట్లకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13297 మొగ్గు కూడా ఇటువైపే.

50 హెర్ట్జ్ మోటారును ఏం చేస్తుంది

ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది. హెర్ట్జ్‌ను మార్చదు. లోపలికి 50 వస్తే బయటికి 50 పోతుంది. ఈ ఒక్క వాక్యం గుర్తున్నా బోలెడు డబ్బు మిగులుతుంది.

మోటారుకైనా ట్రాన్స్‌ఫార్మర్‌కైనా లోపల ఇనుప కోర్ ఉంటుంది. అందులో ఎంత అయస్కాంత బలం పుడుతుందన్నది వోల్టేజీని హెర్ట్జ్‌తో భాగిస్తే వచ్చే అంకె మీద ఆధారపడుతుంది. అమెరికాలో 120ని 60తో భాగిస్తే 2. యూరప్‌లో 120కి తగ్గించి ఇచ్చినా, 50తో భాగిస్తే 2.4. అంటే కోర్ మీద 20 శాతం అదనపు భారం. 240 వోల్టుల మోటారును నేరుగా యూరప్ 230 మీద నడిపితే 4కు బదులు 4.6, అంటే 15 శాతం ఎక్కువ. ఇనుము మోయగలిగే అయస్కాంత బలానికి హద్దు ఉంది. ఆ హద్దు దాటాక మోటారు లాగే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ కరెంటంతా వేడిగా మారుతుంది. ఉదారంగా ఇనుము వేసి తయారుచేసిన పాత మోటారు తట్టుకోవచ్చు. లెక్క చూసుకుని సన్నగా చేసిన కొత్త మోటారు ఒక వేసవిలోనే మాడిపోవచ్చు.

వేగం కూడా తగ్గుతుంది. ఇండక్షన్ మోటారు హెర్ట్జ్‌ను అనుసరించి తిరుగుతుంది కాబట్టి ఆరింట అయిదు వంతుల వేగమే వస్తుంది. నిమిషానికి 1,750 చుట్లు తిరిగేది సుమారు 1,450 తిరుగుతుంది. ఏసీకి సముద్రపు నీరు తోడిపెట్టే పంపు సంగతి చూడండి. నీటి పరిమాణం 83 శాతానికి పడిపోతుంది. పంపు ఎత్తగలిగే ఒత్తిడి వేగం వర్గాన్నిబట్టి ఉంటుంది కాబట్టి అది 70 శాతానికి దిగుతుంది. అటు కంప్రెసర్ కూడా నెమ్మదించి చల్లదనం తగ్గుతుంది. ఆగస్టులో క్రొయేషియా తీరంలో, నీరే గోరువెచ్చగా ఉన్న రోజున, ఈ తగ్గుదలలన్నీ ఒకేచోట కలుస్తాయి. మోటారు వేడెక్కుతుంది, దాన్ని చల్లబరిచే నీరు తగ్గుతుంది, గది చల్లబడదు కాబట్టి యంత్రం ఆగకుండా తిరుగుతుంది.

అన్ని పరికరాలకూ ఈ బాధ లేదు. గీజరు, టోస్టరు వంటి కాయిల్ పరికరాలకు హెర్ట్జ్‌తో నిమిత్తం లేదు, వోల్టేజీ ఒక్కటే ముఖ్యం. కానీ అక్కడ లెక్క వర్గాల్లో పెరుగుతుంది. 120 వోల్టులకు చేసిన 1,500 వాట్ల గీజరు కాయిల్‌కు 230 ఇస్తే అది 5,500 వాట్లు లాగుతుంది. కాయిల్ మార్చి 230కి తగినది వేస్తే సమస్య తీరిపోతుంది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. ఫోను, లాప్‌టాప్ చార్జర్ల మీద 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది, వాటికి ప్లగ్గు మారిస్తే చాలు. బ్యాటరీ, కరెంటు రెండింటి మీదా నడిచే పడవ ఫ్రిజ్‌లలో చాలావాటి ఎలక్ట్రానిక్స్ కూడా ఇలాంటివే.

జాగ్రత్తగా చూడాల్సినవి రెండు. ఒకటి, లోపల బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత మైక్రోవేవ్. 50 హెర్ట్జ్ మీద అది వేడెక్కుతుంది. దాన్ని అమెరికాలోనే ఇచ్చేసి యూరప్‌లో కొత్తది కొనుక్కోవడం మేలు. రెండోది పాత ఫెర్రోరెజొనెంట్ రకం బ్యాటరీ చార్జరు. దాని వోల్టేజీ హెర్ట్జ్‌కు కట్టుబడి ఉంటుంది కాబట్టి 50 మీద తక్కువ వోల్టేజీ ఇస్తుంది, బ్యాటరీ ఎన్నటికీ పూర్తిగా నిండదు. సగం నిండిన స్థితిలో నెలలు గడిపిన లెడ్ బ్యాటరీ పాడైపోతుంది. యజమానేమో బ్యాటరీ కంపెనీని తిట్టుకుంటాడు.

అందుకే మొదటి పని ప్రతి పరికరాన్నీ తిప్పి దాని నేమ్‌ప్లేటు చదవడం. 50/60 అని ఉంటే అది పడవలో ఉండొచ్చు. 60 అని మాత్రమే ఉంటే దాన్ని వేరే కాగితం మీద రాసుకోవాలి. ఆ రెండో జాబితా ఎంత పొడవుందన్నదాన్నిబట్టే మిగతా నిర్ణయాలన్నీ ఉంటాయి.

న్యూట్రల్ తెగిన పడవ

రెండు ఫేజుల పడవకు యూరప్ కరెంటు కలిపేవాళ్లు కొందరు ఒక ఉపాయం చేస్తారు. యూరప్ ఫేజును పడవలోని నల్ల తీగకు, యూరప్ న్యూట్రల్‌ను ఎర్ర తీగకు కలుపుతారు. తెల్ల తీగను ఖాళీగా వదిలేస్తారు. 240 వోల్టుల పరికరాలకు 230 అందుతుంది, అవి పనిచేస్తాయి. ఇంతవరకు బాగానే ఉంది. అయితే 120 వోల్టుల సర్క్యూట్లను కూడా వేసి ఉంచితే ఏమవుతుందో చూద్దాం.

నల్ల తీగ వైపు 1,200 వాట్ల కాఫీ యంత్రం ఉందనుకోండి. దాని నిరోధం 12 ఓములు. ఎర్ర తీగ వైపు 100 వాట్ల బల్బు, దాని నిరోధం 144 ఓములు. న్యూట్రల్ ఎక్కడా కలవలేదు కాబట్టి ఈ రెండూ ఒకదాని వెనక ఒకటిగా 230 వోల్టుల మధ్య వేలాడుతున్నట్టే. వోల్టేజీ నిరోధాన్నిబట్టి పంచుకుంటుంది: కాఫీ యంత్రానికి 18 వోల్టులు, బల్బుకు 212. బల్బు స్థానంలో టీవీ ఉంటే ఆ టీవీ కథ ముగిసినట్టే. ఏ పరికరం ఎప్పుడు వేశారన్నదాన్నిబట్టి వోల్టేజీ మారుతూ ఉంటుంది కాబట్టి ఒక్కోసారి ఏమీ కాకపోవచ్చు, అదే మోసం. ఈ ఉపాయం చేసేవాళ్లు 120 వోల్టుల సర్క్యూట్లన్నిటినీ ప్యానెల్‌లోనే విప్పేసి ఉండాలి.

పడవలో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ ఎక్కడ కలపాలన్నది ఇంకా సున్నితమైన విషయం. సూత్రం ఒక్కటే: కరెంటు ఎక్కడ పుడుతోందో అక్కడ మాత్రమే, ఒక్కచోట మాత్రమే కలపాలి. తీరపు కరెంటు మీద ఉంటే ఆ కలయిక ఒడ్డున ఉంటుంది. జనరేటర్ నడుస్తుంటే జనరేటర్ దగ్గర. ఇన్వర్టర్ నడుస్తుంటే దాని లోపలి రిలే, అంటే తనంతట తాను పడే స్విచ్చి, ఆ పని చూసుకుంటుంది. పడవలో మరోచోట కూడా రెండూ కలిసి ఉంటే, తిరిగి వెళ్లాల్సిన కరెంటులో కొంత ఎర్త్ తీగ గుండా, కొంత నీటి గుండా పోతుంది. యూరప్ రేవు పెట్టెల్లో మామూలుగా 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే రక్షణ బ్రేకర్లు ఉంటాయి. మన ఇళ్లలో ఆర్‌సీసీబీ అనేది అదే. అమెరికాలో ఏళ్ల తరబడి ఫిర్యాదు లేకుండా నడిచిన పడవ యూరప్‌లో ప్లగ్గు పెట్టగానే ఆ బ్రేకర్‌ను పడగొడితే రేవును నిందించి లాభం లేదు. లోపం ముందు నుంచీ పడవలోనే ఉంది, ఇక్కడ పట్టుబడింది.

ఆ బ్రేకర్‌ను దాటవేసే ఆలోచన ఎవరికీ రాకూడదు. మంచినీటి సరస్సుల్లో, కాలువల్లో పడవ నుంచి నీటిలోకి లీకయ్యే కరెంటు ఈతగాళ్ల ప్రాణాలు తీస్తుంది. ఉప్పునీటి కంటే మంచినీటిలో ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే మంచినీటి కంటే మనిషి శరీరమే మెరుగైన వాహకం. కరెంటు దారి వెతుక్కుంటూ మనిషి గుండా పోతుంది. కండరాలు బిగుసుకుపోయి ఈదలేని స్థితి రావడానికి కొద్ది మిల్లీఆంపియర్లు చాలు. చూసేవాళ్లకు అది మామూలు మునక లాగే కనిపిస్తుంది.

మూడు దారులు

మొదటిది ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్, అంటే ఒడ్డు తీగలకూ పడవ తీగలకూ నేరుగా సంబంధం లేకుండా కరెంటు అందించేది. 230 లోపలికి, 120–0–120 బయటికి. నడిమి తీగను పడవలోనే కొత్తగా పుట్టిస్తుంది కాబట్టి న్యూట్రల్ చిక్కు పూర్తిగా తీరుతుంది. ఒడ్డు ఎర్త్‌కూ పడవ లోహానికీ సంబంధం తెగిపోతుంది కాబట్టి పక్క పడవల వల్ల మన ప్రొపెల్లర్, జింకు దిమ్మలు తినేయబడే గాల్వనిక్ తుప్పు కూడా ఆగుతుంది. ఇన్ని లాభాలున్నా హెర్ట్జ్ 50గానే ఉంటుంది. కొనేటప్పుడు ట్రాన్స్‌ఫార్మరే 50 హెర్ట్జ్‌కు తగినదో కాదో చూడాలి. 60కి మాత్రమే చేసినది ఇక్కడ వేడెక్కుతుంది. మృదువుగా ఆరంభించే ఏర్పాటు లేకపోతే స్విచ్చి వేసిన క్షణంలో అది లాగే భారీ కరెంటుకు రేవు బ్రేకర్ పడిపోతుంది.

దీంతో వచ్చే మరో పరిణామాన్ని అనుభవం ఉన్నవాళ్లు కూడా మరిచిపోతారు. ట్రాన్స్‌ఫార్మర్ అవతలి వైపు జరిగే లీకేజీ ఒడ్డు మీది రక్షణ బ్రేకర్‌కు కనిపించదు. కాబట్టి కొత్త న్యూట్రల్‌ను పడవ ఎర్త్‌తో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే కలిపి, ఆ తర్వాత పడవలో సొంతంగా 30 మిల్లీఆంపియర్ల రక్షణ బ్రేకర్ పెట్టాలి. ఇళ్లలో వాడుకునే చవక ఆటోట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలను పడవలో వాడకూడదు. అవి వోల్టేజీ తగ్గిస్తాయి గాని రెండు వైపులనూ విడదీయవు.

రెండోది ఎలక్ట్రానిక్ కన్వర్టర్. ఏ వోల్టేజీ, ఏ హెర్ట్జ్ వచ్చినా లోపల డీసీగా మార్చి శుభ్రమైన 60 హెర్ట్జ్ ఇస్తుంది. సాంకేతికంగా ఇదే పరిపూర్ణమైన పరిష్కారం. ధర, బరువు, పరిమాణం వల్ల పెద్ద యాట్‌లకే తగుతుంది. పన్నెండు మీటర్ల పడవకు దండగ.

మూడోది నాకు నచ్చినది: బ్యాటరీని రెండు ఖండాల మధ్య సరిహద్దుగా నిలబెట్టడం. యూరప్ కరెంటు ఒక చార్జరులోకి వెళ్లి బ్యాటరీని నింపుతుంది. బ్యాటరీ నుంచి అమెరికా ఇన్వర్టర్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ తయారుచేస్తుంది. ఒడ్డు మీద ఏముందో అమెరికా పరికరాలకు తెలియనే తెలియదు. వోల్టేజీ, హెర్ట్జ్, న్యూట్రల్, మూడు చిక్కులూ ఒకే దెబ్బకు తీరిపోతాయి.

ఇది సాధ్యపడటానికి కారణం మన వాడకంలోనే ఉంది. పడవలో ఒక్కసారిగా కావలసిన వాట్లు ఎక్కువ, రోజు మొత్తం సగటు తక్కువ. ఫ్రిజ్ రోజుకు 1.2 యూనిట్లు, దీపాలు, టీవీ అర యూనిట్, మైక్రోవేవ్ పావుగంటకు 0.4, కాఫీ, పంపులు, చిల్లర మల్లర కలిపితే రోజుకు 3 యూనిట్లనుకుందాం. ఇరవైనాలుగు గంటలకు పంచితే సగటు 125 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీకి 60 ఆంపియర్ల చార్జరు 800 వాట్లకు పైగా నింపుతుంది, ఒడ్డు నుంచి తీసుకునేది నాలుగు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. 6 ఆంపియర్లు ఇచ్చే నిరుపేద రేవులో కూడా ఇల్లు గడిచిపోతుంది.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. అమెరికా పడవల్లో చార్జరు, ఇన్వర్టర్ కలిసి ఒకే పెట్టెలో ఉండటం మామూలు. ఆ పెట్టె చార్జరు భాగం 120 వోల్టులకే చేసినదై ఉంటుంది. బ్యాటరీ చార్జర్లన్నీ సర్వదేశీయమే కదా అనుకుని దానికి 230 ఇస్తే పెట్టె మొత్తం పోతుంది. దాని కరెంటు ప్రవేశాన్ని విప్పేసి, ఇన్వర్టర్‌గా మాత్రమే వాడుకుంటూ, 230కి తగిన చార్జరును విడిగా పెట్టాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 2,000 వాట్లు లాగితే తీగలో 180 ఆంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. బొటనవేలంత మందం తీగ, బ్యాటరీకి ఆనుకునే ఫ్యూజు, బిగించిన నట్టు కావాలి. ఆ నట్టు కొంచెం వదులైనా అక్కడే నిప్పు పుడుతుంది.

ఏసీని మాత్రం ఈ దారిలో నడపలేం. ఒక మోస్తరు ఏసీ ఏకబిగిన 1,500 వాట్ల దాకా తింటూ రాత్రంతా తిరుగుతుంది. దానికి సగటు, గరిష్ఠం రెండూ ఒకటే. కాబట్టి ఏసీని, దాని నీటి పంపును 230 వోల్టులకు, 50/60 హెర్ట్జ్‌కు పనికొచ్చే వాటితో మార్చి, కాయిల్ మార్చిన గీజరును, చార్జరును కలిపి ఒక చిన్న కొత్త ప్యానెల్ మీద పెట్టాలి. పాత అమెరికా ప్యానెల్‌కు ఇక ఇన్వర్టర్, జనరేటర్ తప్ప వేరే ఆధారం ఉండకూడదు. రెండు ప్యానెళ్ల మధ్య ఒక్క తీగ కూడా కలవకూడదు, న్యూట్రల్ కూడా.

జనరేటర్ సంగతి

పడవలోని డీజిల్ జనరేటర్ మామూలుగా నాలుగు ధ్రువాలది. నిమిషానికి 1,800 చుట్లు తిరిగితే 60 హెర్ట్జ్, 1,500 తిరిగితే 50. వేగం తగ్గించి, వైండింగ్ కొసలను మార్చి కలిపి, వోల్టేజీ రెగ్యులేటర్‌ను సరిచేస్తే చాలా మోడళ్లు యూరప్ పద్ధతికి మారతాయి. సామర్థ్యం మాత్రం వేగంతో పాటు తగ్గుతుంది: 9 కిలోవాట్లది 7.5కు దిగుతుంది. రెగ్యులేటర్‌ను సరిచేయకుండా వేగం ఒక్కటే తగ్గిస్తే, తక్కువ వేగాన్ని అది ప్రమాదంగా భావించి వోల్టేజీని కూడా దించేస్తుంది.

అన్నిసార్లూ మార్చాల్సిన అవసరం లేదు. ఏసీ 50/60 రెండిటికీ పనికొస్తే, గీజరుకు హెర్ట్జ్ పట్టకపోతే, చార్జరు దేన్నైనా మింగితే, జనరేటర్ అమెరికా పద్ధతిలోనే 240 వోల్టులు, 60 హెర్ట్జ్ ఇస్తూ రెండు ప్యానెళ్లనూ సాకగలదు. కావలసిందల్లా తీరపు కరెంటు, జనరేటర్ రెండూ ఎప్పటికీ ఒకేసారి కలవకుండా అడ్డుకునే మార్పిడి స్విచ్చి.

ఎంతకాలం ఉంటారు?

ఏ దారి పట్టాలో చివరికి చట్టమే సగం నిర్ణయిస్తుంది. యూరోపియన్ యూనియన్ వెలుపల నివసించే యజమాని తన పడవను సుంకం లేకుండా తాత్కాలికంగా 18 నెలలు అక్కడ ఉంచుకోవచ్చు. ఆ పడవకు సీఈ ముద్ర (యూరప్ భద్రతా నిబంధనలకు తగినదని తెలిపే గుర్తు) అక్కర్లేదు. రెండు వేసవులు తిరిగి వెనక్కి వెళ్లేవాళ్లు బ్యాటరీ దారితో సరిపెట్టుకోవచ్చు. విడిగా ఒక చార్జరు, ఒక తీగ, ఒక రక్షణ బ్రేకర్ చాలు. ఏసీ లేకుండా కిటికీలు తెరుచుకుంటే ఇంకా తేలిక.

పడవను యూనియన్‌లోకి శాశ్వతంగా దిగుమతి చేసుకునేవాళ్లకు 2013/53 నంబరు ఆదేశం వర్తిస్తుంది. 2016 జనవరి 18 నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన 2.5 మీటర్ల నుంచి 24 మీటర్ల పొడవున్న వినోద పడవలకు సంబంధించినది. పాత పడవైనా సరే, గుర్తింపు పొందిన సంస్థ వచ్చి పూర్తి పరీక్ష చేసి ధ్రువీకరించాలి. అందులో విద్యుత్తు ఒక అధ్యాయం: మామూలు వాడకంలో సరిగా పనిచేయాలి, నిప్పు, షాక్ ప్రమాదాలు కనిష్ఠంగా ఉండాలి. ఇంధనం, ఇంజిన్ పొగ, శబ్దం వేరే అధ్యాయాలు. కొన్నిసార్లు అసలు అడ్డంకి అక్కడ వస్తుంది. కాబట్టి పాత ఇంజిన్లు ఆ పరీక్షకు నిలుస్తాయో లేదో ముందుగా తేల్చుకున్నాకే ట్రాన్స్‌ఫార్మర్లకూ ప్యానెళ్లకూ డబ్బు పెట్టాలి. పరీక్షకు వచ్చే వ్యక్తి అడిగే కాగితాల్లో విద్యుత్ పటం ఉంటుంది. తీగలకు రంగు తొడుగులు వేసిన రోజున గీసుకున్న పటం ఉంటే దాన్నే శుభ్రంగా రాసి ఇవ్వవచ్చు.